మామగారి ఆయిలు పంపు

రేవులో ఉన్నవి రెండే బోట్లు. ఒకటి కొత్తబోటు. దాని ఇంజను పిల్లిలా వస్తుంది, పిల్లిలా పోతుంది. రెండోది పాతబోటు. అవతలి ఒడ్డున నిలబడినవాళ్లకు ముందు దాని పొగ కనిపిస్తుంది, తర్వాత చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా బోటు అగుపిస్తుంది. అయినా సగం మంది పాతబోటే ఎక్కేవారు. అది ఏనాడూ నడినీళ్లలో ఆగింది లేదు.

ఎందుకు ఆగలేదని అడిగితే రేవులో ఎవరైనా చెబుతారు. అడక్కుండా చెప్పేవాడు మాత్రం ఒక్కడే. ఆ బోటు నడిపే సరంగుకు పిల్లనిచ్చిన మామ.

"పంపురా అబ్బాయ్, పంపు!" అంటాడు, టీకొట్టు బల్ల మీద అరచేత్తో చరిచి.

బోటు వెనక తగిలించే ఆ తరహా పాత అవుట్‌బోర్డు మోటారు పెట్రోలు ఒక్కటే తాగి బతకదు. పాత స్కూటర్ల మాదిరి పెట్రోలుతో పాటు దానికి ఇంత ఆయిలు కూడా పడాలి. పడకపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని కాసేపటికి ఇంజను పట్టేస్తుంది. ఇక లేవదు. అందరూ ఆయిలు కొలిచి పెట్రోలు డబ్బాలో కలుపుకునే రోజుల్లో, ఆ బాధ లేని మోటారును ఏరికోరి కొన్నాడు మామ. పక్కన తెల్లటి ప్లాస్టిక్ ఆయిలు ట్యాంకు, దాన్నుంచి సన్నటి గొట్టం, ఇంజను మూత కింద బుల్లి పంపు. ఎంత పెట్రోలు తాగితే దానికి తగ్గ ఆయిలు అదే లాక్కుంటుంది, అదే పోసుకుంటుంది.

"మనిషన్నవాడు మర్చిపోతాడు. పంపు మర్చిపోదు," అనేవాడు మామ. అంటూ ఒకసారి అల్లుడి వంక చూసేవాడు.

చూడ్డంలో తప్పు లేదు. సరంగు చెప్పులు అవతలి ఒడ్డున విడిచి ఇవతలి ఒడ్డున వెతుక్కునే రకం.

మోకాళ్లు అరిగి తాను బోటు దిగిన నాడు మామ అల్లుణ్ణి ఇంజను పక్క పీట మీద కూర్చోబెట్టి, నలుగురూ వినేట్టు ఒక మాట అన్నాడు. "బోటు నీది. ఇంజను నీది. నా కూతురు ఎలాగూ నీదే. ఆ పంపు మాత్రం నాది. నాకు తెలియకుండా దాన్ని తీయించినవాడు మళ్లీ ఈ పీట ఎక్కడు."

సరంగు ఉండేది మామగారింట్లో. ఆ ఇంట్లో కుర్చీ ఏ గోడకి వెయ్యాలో మామ చెబుతాడు, కిటికీ ఎంత తెరవాలో మామ చెబుతాడు. సరంగు కూడా ఒక మనిషేనని లోకానికి తెలిసే చోటు ఒక్కటే, ఆ పీట. అక్కడ కూర్చుంటే రోజూ బోటెక్కే బడి టీచరమ్మ కూడా "కాస్త తొందరగా పోనివ్వు బాబూ" అని బతిమాలాల్సిందే. కాబట్టి సరంగు పంపు జోలికి పోలేదు. పంపే తన జోలికి వచ్చింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఇంజను శుభ్రం చేయించడానికి సరంగు దాన్ని బావమరిది షెడ్డుకు తీసుకెళ్లాడు. బావమరిది మెకానిక్కు. కన్నకొడుకే అయినా మామ వాణ్ణి ఆ పంపు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆ పూట మామ ఇంట్లో కునుకు తీస్తున్నాడు. నీళ్ల పీపాకు మోటారును తగిలించి, మూత తీసి, లోపల వేళ్లు పెట్టి కెలికి, బావమరిది గ్రీజు చేతిని బావ ముందు చాపాడు. అరచేతిలో తెల్లటి ముక్కలు.

"ఏంట్రా ఇవి? నీ గోళ్లా?"

"నాన్న పంపు పళ్లు. దాన్ని తిప్పే చక్రం ప్లాస్టిక్‌ది బావా. రెండు పళ్లు రాలిపోయాయి. మూడోది ఊగుతోంది."

సరంగు పీపా అంచు పట్టుకున్నాడు. "కొత్త చక్రం వేసెయ్యి."

"కంపెనీవాడు దాన్ని మానేసి ఎన్నేళ్లయిందో! చేసినవాడి మనవడు కూడా రిటైరై ఉంటాడు."

"ఆయిలు ఆగిపోతే కూతపెట్టే హారనేదో ఉండాలి కదరా?"

"అది నేను స్పానరు పట్టకముందే మూగబోయింది. ఒకటే దారి. పంపు తీసేసి, ఆ కన్నం మీద పలక బిగిస్తా. గొట్టం నోరు మూసేస్తా. రేపట్నుంచి నువ్వే ఆయిలు కొలిచి పెట్రోల్లో కలుపుకో. యాభై పాళ్లకి ఒక పాలు. అంతే!"

"నేనా? మర్చిపోతే?"

"ఇంజను పట్టేస్తుంది."

"పంపుని అలాగే ఉంచితే?"

"ఆ మూడో పన్ను ఊడిన రోజున పట్టేస్తుంది."

"మరి తేడా ఏముందిరా రెంటికీ?"

"పంపుకి సిగ్గుండదు బావా. నీకుంటుంది," అన్నాడు బావమరిది, అప్పటికే స్పానరు తిప్పుతూ.

పంపు ఊడొచ్చింది. దాన్ని పాత గుడ్డలో చుట్టి అరలో పెట్టారు. పైకి చూస్తే ఏ మార్పూ లేదు. తెల్ల ట్యాంకు ఎక్కడిదక్కడే, గొట్టం మూత కిందికి వెళ్లినట్టే ఉంది. లోపలే కథ మారింది.

"మీ నాన్నకి చెప్పు," అన్నాడు సరంగు.

"నీ మామకి నువ్వే చెప్పు," అన్నాడు బావమరిది.

ఈ మర్యాదలతోనే పొద్దుగూకింది. ఎవరూ చెప్పలేదు.

ఇక్కడొక చిక్కుంది. మామకు ఓ అలవాటు. రోజూ పొద్దున్నే రేవుకొచ్చి, చెవి మీది పెన్సిలు తీసి, తెల్ల ట్యాంకు మీద ఆయిలు ఎంతవరకు ఉందో అక్కడొక గీత గీస్తాడు. టీకొట్టుకు పోతాడు. సాయంత్రం మళ్లీ వచ్చి చూస్తాడు. గీత పైన, ఆయిలు కింద. "తాగింది!" అని, దూడ పాలు తాగినంత సంబరపడి ఇంటికి పోతాడు. పంపు లేకుండా బోటు తిరిగిన మొదటి సాయంత్రం వచ్చి వంగి చూస్తే, ఆయిలు గీతకి అతుక్కునే ఉంది.

"ఏంటల్లుడూ, ఆయిలు కదల్లేదు?"

"గాలి వాలుగా ఉంది మావయ్యా. ఇంజను పెద్దగా కష్టపడలా."

"పెట్రోలు తగ్గిందా?"

"తగ్గింది."

"పెట్రోలు తాగి ఆయిలు మానేసిందా? పథ్యమా దానికి?"

సరంగు నవ్వబోయి దగ్గాడు. మామ ఆ రాత్రి ముద్ద సరిగ్గా ముట్టలేదు.

"చెప్పేయండి," అంది భార్య, తండ్రి అవతలికి పోగానే.

"చెబితే పీట పోతుంది."

"చెప్పకపోతే మా నాన్న ప్రాణం పోయేలా ఉంది. ఆయిలు తగ్గలేదని అలా గోడ వంక చూస్తూ కూర్చున్నాడు." ఆమె కాసేపు ఆలోచించింది. "పెట్రోల్లో కలిపే ఆయిలు విడిగా కొనడం దేనికి? ఆ ట్యాంకులోంచే తీసి పొయ్యండి. ఇంజనుకీ సరిపోతుంది, నాన్నకీ సరిపోతుంది."

సరంగు నోరు తెరిచాడు. "ఏం బుర్రే నీది!"

"పొగడకండి. మీరు మర్చిపోయిన రోజున నేను మా నాన్న పక్కన నిలబడతాను, ముందే చెబుతున్నా."

మతిమరుపు మనిషికి ఒక ఆనవాలు కావాలి. సరంగు ఆనవాలు మామే. పొద్దున్న మామ గీత గీసి బయల్దేరతాడు. ఆయన చొక్కా టీకొట్టు మలుపు తిరగ్గానే సరంగు రబ్బరు గొట్టం తీసి, ఒక కొస ఆయిలు ట్యాంకులో వేసి, రెండో కొస నోటితో ఒక్క పీల్పు పీల్చి, సీసాలోకి వదిలి, కొలత చూసి పెట్రోలు డబ్బాలో పోసి, డబ్బాను అటూ ఇటూ కుదిపేవాడు. మామ చొక్కా మాయమైతే సరంగు చెయ్యి గొట్టం మీదికి పోవడమే. అందులో మర్చిపోవడానికేమీ లేదు. మొదట్లో రెండు మూడుసార్లు ఆయిలు నోట్లోకొచ్చింది. "దగ్గరికి రాకండి, షెడ్డు వాసన," అంది భార్య. తర్వాత చెయ్యి తిరిగింది.

ఇక మామ ఆనందం చూడాలి. సాయంత్రమయ్యేసరికి ఆయిలు గీతకు ఇంత కిందికి, రోజూ అంతే, దారం పెట్టి కొలిచినట్టు. పంపు ఉన్న రోజుల్లో కూడా అది అంత పద్ధతిగా తాగలేదు.

"వయసు మళ్లేకొద్దీ బుద్ధి కుదురుతోంది దానికి," అన్నాడు టీకొట్టులో. "ఒక చుక్క ఎక్కువ లేదు, ఒక చుక్క తక్కువ లేదు. ఇంట్లో మనుషులున్నారు, ఎందుకు? దాన్ని చూసి నేర్చుకోవాలి!"

మనుషులు అంటే ఎవరో అందరికీ తెలుసు. సరంగు పక్క బల్ల మీద టీ ఊదుకుంటూ, తనను చూసి తనే నేర్చుకోవడం ఎలాగా అని ఆలోచిస్తూ ఉండేవాడు.

ఇలా సాఫీగా సాగిపోతుండగా మామకు పన్ను సలపరం పట్టుకుంది. దవడ ఉబ్బింది. పళ్ల డాక్టరు ఉండేది అవతలి ఒడ్డున. పీకించుకోమని కూతురు, వద్దని తను, ఒకటే రగడ. చివరికి ఒక పొద్దున మెడచుట్టూ తుండు కట్టుకుని రేవుకొచ్చాడు. గీత గీశాడు. మామ చొక్కా ఎప్పుడు మలుపు తిరుగుతుందా అని సరంగు చూస్తున్నాడు. చొక్కా తిరగలేదు. వచ్చి బోటులో, ఇంజనుకు ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, టీ తాగి రండి. ఇంకా టైముంది."

"వేడి తగిల్తే పన్ను లాగేస్తోంది. పోనీ."

"ఒడ్డున అటూ ఇటూ నడవండి, సలపరం తగ్గుతుంది."

"నడిస్తే మోకాళ్లు. ఏం, నేను కూర్చుంటే నీ బోటు మునుగుతుందా?"

సరంగు కొత్త పెట్రోలు డబ్బా తగిలించాడు. సరే, ఆయన అటు తిరిగినప్పుడు కానిద్దాం అనుకున్నాడు. మామ అటు తిరగలేదు. ఇంతలో కొత్తబోటు వచ్చి పక్కన నిలబడింది. "రండి రండి, పొగ లేదు, దగ్గు లేదు!" అని దాని యజమాని కేక. పాతబోటు వైపు వస్తున్నవాళ్లు రెండు మనసులతో ఆగారు. సరంగు ఒక్క దూకు దూకి టీచరమ్మ సంచి అందుకున్నాడు, టైలరు బట్టల మూట అందుకున్నాడు, వాళ్ల వెనక మరో నలుగుర్ని మాటల్లో పెట్టి ఎక్కించాడు. గెలిచిన ఊపులో కట్టు విప్పి ఇంజను తాడు లాగాడు. ఇంజను లేచింది. బోటు కదిలింది. ఆనవాలు ఎదురుగా కూర్చుని దవడ పట్టుకుని ఉంది. ఆనవాలు మాయం కాలేదు కాబట్టి ఆయిలు సంగతి మాత్రం బుర్రలోంచి పూర్తిగా మాయమైపోయింది.

నడినీళ్లకొచ్చారు. మామ తల ఎత్తాడు.

"పొగ రావట్లేదేంటి?"

"రాకపోతే మంచిదే కదా పెద్దాయనా," అన్నాడు టైలరు. "ఇవాళ నా మూట తెల్లగా దిగుతుంది."

సరంగు వెనక్కి చూశాడు. ఒడ్డు వదిలినప్పుడు గొట్టంలో మిగిలిన, ఆయిలు కలిసిన పాత పెట్రోలుకు కాస్త నీలిపొగ వచ్చింది. ఇప్పుడు నీళ్ల మీద ఏమీ లేదు. ఆకాశం ఆకాశంలాగే ఉంది. ఆయిలు పొయ్యనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. చటుక్కున ఇంజను ఆపేశాడు.

అంత చప్పుడూ ఒక్కసారి పోయేసరికి అందరూ ఇంజను వైపు తిరిగారు. ఆ బోటు నడినీళ్లలో ఆగడం వాళ్లలో ఎవరూ చూడలేదు.

"ఎందుకాపావు?" అన్నాడు మామ. అంటూనే వంగి తెల్ల ట్యాంకు చూశాడు. ఆయిలు గీత మీదే ఉంది. ఆయన చెయ్యి దవడ మీద నుంచి జారింది.

"పిల్లలకి పరీక్ష ఉంది బాబూ," అంది టీచరమ్మ. "ప్రశ్నపత్రాలు నా సంచిలో ఉన్నాయి."

వెనక నుంచి కొత్తబోటు చప్పుడు లేకుండా వచ్చి పక్కన చేరింది. "ఏం సరంగూ, తాడు వెయ్యనా? లాక్కెళ్లి ఒడ్డుకి పడేస్తా."

ఆ మాటకు మామ పౌరుషం పంటినొప్పిని దాటి లేచింది. "నీ తాడు నువ్వే ఉంచుకో! కట్టుకోవడానికి పనికొస్తుంది." అల్లుడి వైపు తిరిగాడు. "లాగు తాడు. పద."

"మావయ్యా, ఆయిలు..."

"నా కళ్లు సరిగ్గా లేవు. గీత వంకరగా గీసుంటా. ఇన్నేళ్లలో ఆ పంపు ఒక్కరోజు మోసం చేసిందా? ఇవాళ చేస్తుందా? లాగంటుంటే!"

సరంగు తాడు పట్టుకున్నాడు. అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంది, మెట్లు కూడా కనబడుతున్నాయి. ఒక్క గుంజు గుంజితే చాలు. ఇంజను అక్కడిదాకా వెళ్లి పట్టేస్తే పట్టేసింది. పంపు పోయిందంటాడు, లాగమన్నది మామే అంటాడు. ఎవరూ కాదనలేరు. పీట తనదే. కానీ ఆ పీట పక్కన ఇంజను ఉండదు. ఇంజను లేని పీట మీద కూర్చుని ఏం చేస్తాడు, చేపలు లెక్కపెట్టుకుంటాడా? పైగా, ఆ మోటారు మీద చెయ్యి వేస్తే జ్వరం వచ్చిన పిల్ల నుదురులా కాలుతోంది.

తాడు వదిలేశాడు.

"లాగను మావయ్యా."

మామ ఇంట్లో ఇన్నేళ్లుగా ఉంటూ, ఆయన మాట కాదని అతను అన్న మొదటి 'ను' అది. మామ తేరుకునేలోపు సరంగు పీట కింది నుంచి రబ్బరు గొట్టం తీశాడు. ఆయిలు ట్యాంకులో ఒక కొస వేశాడు, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. రోజూ చేసే పనే. అంతమంది చూస్తుంటే పీల్పు ఎక్కువైపోయింది. నోటినిండా ఆయిలు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు మామ.

"ఊఁ," అన్నాడు సరంగు, బుగ్గలు పొంగి.

"పంపుకి ఏమైంది?"

"ఊఁ ఊఁ."

"ఏంటా ఊఁ? పంపు ఉందా లేదా?"

సరంగు తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే సీసా పట్టాడు, ఆయిలు వదిలాడు, కంటి ఎత్తున పెట్టి కొలత చూశాడు, డబ్బాలో పోశాడు, మూత బిగించి అటూ ఇటూ కుదిపాడు. అప్పుడు పక్కకి వంగి ఉమ్మి, మోచేత్తో మూతి తుడుచుకున్నాడు. మూతి చుట్టూ నీలం ఆయిలు మీసం మిగిలింది.

మామ ఆ చేతుల వంకే చూస్తున్నాడు.

"ఇది నువ్వు ఇవాళ కొత్తగా చేసిన పని కాదు."

"కాదు మావయ్యా."

"ఎన్నాళ్లబట్టి?"

"వానలు వెనకబట్టినప్పట్నుంచి. పంపు చక్రానికి రెండు పళ్లు రాలాయి, మూడోది ఊగుతుంటే పంపే తీయించేశాను. మీరు టీకి వెళ్లగానే నేనే తీసి కలుపుతున్నాను. ఇవాళ మీరు టీకి వెళ్లలేదు. మర్చిపోయాను."

మామ నోరు తెరిచి, పన్ను సలిపి, మళ్లీ మూశాడు. కళ్లు చిన్నవి చేసుకుని ఏదో కూడుకున్నాడు. "అంటే... టీకొట్టులో ఇన్నాళ్లూ నేను పొగిడింది నిన్నా?"

సరంగు తల దించుకున్నాడు.

"చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదన్నది నిన్నా?"

"నన్నే అనుకుంటా మావయ్యా."

"ముందే చెబితే అంత పొగిడేవాణ్ణి కాదు కదరా!"

టైలరు మూట మీద పడి నవ్వాడు. టీచరమ్మ గొడుగు అడ్డం పెట్టుకుంది గానీ గొడుగు ఊగుతోంది. కొత్తబోటువాడు తాడు చుట్టుకుని, చుట్టుకున్న తాడునే మళ్లీ చుట్టుకుంటూ, కథ అయ్యేదాకా కదల్లేదు.

మామ లేచాడు. "జరుగు," అన్నాడు.

సరంగు పీట దిగాడు. ఆ దిగడంలో కాలికి తగిలిన సీసా దొర్లిపోతే పట్టుకోబుద్ధి కూడా కాలేదు. మామ పీట మీద కూర్చుని తాడు పట్టి గుంజాడు. ఇంజను "గుఱ్" అంది, మామ "అబ్బా" అన్నాడు. నొప్పి దవడ నుంచి నడినెత్తికెక్కింది. మళ్లీ గుంజాడు. ఈసారి "అబ్బా" ముందొచ్చింది, తాడు సగమే వచ్చింది. చొక్కా చేతితో కళ్లు ఒత్తుకున్నాడు.

"మూడో పన్ను నిజంగా ఊగుతోందా?" అన్నాడు మెల్లగా.

"చేత్తో పట్టుకుంటే వచ్చేసింది మావయ్యా."

"నన్ను అడిగి తీయాల్సింది."

"అడిగితే మీరు తియ్యనిస్తారా?"

మామ నాలుకతో లోపల తన పన్నును ఒకసారి కదిపి చూసుకున్నాడు. కదిలింది కాబోలు, మొహం చిట్లించాడు. "సరంగులిద్దరూ తీరిగ్గా మాట్లాడుకోండి," అంది టీచరమ్మ. "ఈలోపు పిల్లలు పెద్దవాళ్లయి ఉద్యోగాలు చేసుకుంటారు."

మామ పీట మీద నుంచి లేచి, బోటు అంచు పట్టుకుని, మళ్లీ తన చోటికెళ్లి కూర్చున్నాడు. "లాగు," అన్నాడు, ఎటో చూస్తూ.

సరంగు పీట వంక చూశాడు, మామ వంక చూశాడు. కూర్చున్నాడు. తాడు లాగాడు. ఇంజను దగ్గి, తుమ్మి, లేచింది. కాసేపటికి గుప్పుమని నీలిపొగ వచ్చి టైలరు మూటను, టీచరమ్మ గొడుగును, కొత్తబోటును కలిపి కప్పేసింది. అందరూ దగ్గుతూ చప్పట్లు కొట్టారు.

మామ ఆ పొగలోనే ఒడ్డు చేరాడు. దిగి, డాక్టరు వీధి వైపు నడిచి, నాలుగడుగులేసి ఆగాడు. "నేనొచ్చేదాకా ఆగు. తీయించుకుని వస్తా," అన్నాడు.

తిరుగు ప్రయాణానికి బోటు నిండింది. వార్త అప్పటికే ఒడ్డెక్కింది, ఎక్కినవాడల్లా "ఆయిలు పోశావా?" అని అడిగి మరీ కూర్చున్నాడు. మామ చెంపలో దూది కుక్కుకుని వచ్చాడు, మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడట. ఎదురుగా కాకుండా, ఈసారి పీట పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు.

కొత్తబోటు పక్కనుంచి వెళ్తూ కేకేసింది. "ఏం పెద్దాయనా, ఎలా ఉంది మీ పంపు?"

నలుగురూ మామ మొహం చూశారు. ఆయన దూది సర్దుకుని, బొటనవేలు ఎత్తి, అల్లుడి వైపు చూపించాడు.